షాపులో స్కోరు చూశారు సరే, మీ పెళ్లి ఫుటేజ్ పెట్టి చూశారా?

మీరు రాసినదాన్ని ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. నరసన్నపేటలో స్టూడియో. విశాఖలో అసెంబుల్ చేయించిన కొత్త సిస్టమ్: ఇంటెల్ కోర్ ఐ7 14700కె, 64 జీబీ డీడీఆర్5 ర్యామ్, ఆర్‌టీఎక్స్ 4070 గ్రాఫిక్స్ కార్డు, 1 టీబీ ఎన్‌వీఎంఈ (వేగమైన ఎస్‌ఎస్‌డీ), 4 టీబీ హార్డ్‌డిస్క్, 850 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై). కెమెరా సోనీ ఏ7 ఫోర్. షాపువాళ్లు ప్రాసెసర్ వేగం కొలిచే సినీబెంచ్ ఆర్23 నడిపి 35 వేల దరిదాపు స్కోరు చూపించి పంపారు. మూడు వారాల్లో ముహూర్తాలు మొదలు. ‘ఇది నిజంగా బాగుందో లేదో ఇంట్లోనే ఎలా తేల్చుకోవాలి, ఏయే సాఫ్ట్‌వేర్లు నడపాలి’ అని అడిగారు.

ఆ స్కోరు అబద్ధం కాదు. ఆ ప్రాసెసర్‌కి రావాల్సిందే వచ్చింది. కానీ అది ఏసీ షాపులో, చల్లగా ఉన్న సిస్టమ్ మీద, కాసేపు నడిచిన లెక్క. మీకు కావాల్సింది వేరు. మధ్యాహ్నం మూడు గంటలకి, మీ గదిలో, మీ కెమెరా ఫైళ్లతో, మూడో గంట ఎక్స్‌పోర్ట్‌లో కూడా అదే వేగంతో, ఒక్క తప్పు బైటు కూడా లేకుండా పని జరగాలి. విజయనగరం, శ్రీకాకుళం స్టూడియోల నుంచి నా దగ్గరికి రిపేరుకి వచ్చే సిస్టమ్‌లలో స్లోగా ఉన్నవి తక్కువ. ఎక్కువగా వచ్చేవి మధ్యలో ఆగిపోయేవి, లేదా ఫైళ్లు పాడుచేసేవి. తలంబ్రాల షాట్ మళ్లీ తీయలేం. అందుకే నేను వేగం కన్నా నిలకడనే ముందు పరీక్షిస్తాను. మీరు కూడా సీజన్ మొదలయ్యే లోపు, షాపువాళ్లు భాగాలు మార్చి ఇచ్చే గడువు ఉండగానే, ఇదంతా పూర్తి చేసుకోండి. పాత సిస్టమ్‌ని అప్పటిదాకా అమ్మకండి.

మొదట ఏ పరీక్షా నడపకుండానే చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. విశాఖ నుంచి కారులోనో బస్సులోనో వచ్చిన పెట్టె కదా, పక్క మూత తీసి గ్రాఫిక్స్ కార్డు స్లాట్‌లో ఒరిగిపోకుండా ఉందా, కూలర్ గట్టిగా ఉందా చూడండి. మీ 4070కి 16 పిన్నుల పవర్ కనెక్టర్ ఉంటే అది చివరిదాకా దిగిందో లేదో టార్చి వేసి చూడండి. సగం దిగిన కనెక్టర్ వేడెక్కి కరిగిపోతుంది. మానిటర్ కేబుల్ కార్డుకే పెట్టారా, మదర్‌బోర్డుకి పెట్టారా అన్నది కూడా అప్పుడే చూసుకోండి.

తర్వాత విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి మెమరీ దగ్గర స్పీడ్ ఎంత ఉందో చూడండి. మీరు 5600 లేదా 6000 ర్యామ్‌కి డబ్బు కట్టి ఉంటే, అక్కడ 4800 కనిపిస్తే మదర్‌బోర్డు సెట్టింగులుండే బయోస్‌లో, ర్యామ్‌ని పూర్తి స్పీడుతో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చేయలేదని అర్థం. 64 జీబీ అంటే 32 జీబీ స్టిక్కులు రెండు ఉండాలి, అవి ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో స్లాట్‌లో, నాలుగో స్లాట్‌లో ఉండాలి. 16 జీబీవి నాలుగు పెట్టి ఉంటే మార్చమని అడగండి. డీడీఆర్5లో నాలుగు స్టిక్కులు పెడితే చాలా బోర్డులు పూర్తి స్పీడుతో నిలకడగా నడపలేవు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో ఎస్‌ఎస్‌డీకి, హార్డ్‌డిస్క్‌కి ఎన్ని గంటలు నడిచాయో కనిపిస్తుంది. కొత్త డిస్క్ అయితే కొద్ది గంటలే ఉండాలి, వందల్లో ఉంటే అది వాడిన సరుకు. హార్డ్‌డిస్క్‌లో చెడిన చోట్లను చూపే రీఅలొకేటెడ్ సెక్టార్లు, పెండింగ్ సెక్టార్లు రెండూ సున్నా ఉండాలి. ఒకటి ఉన్నా తీసుకోవద్దు.

ఇక మీ ప్రాసెసర్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఒక సమస్య బయటపడింది. అవసరానికి మించిన వోల్టేజ్ అడగడం వల్ల చిప్ లోపల నెమ్మదిగా అరుగుదల వచ్చి, కొంతకాలానికి ప్రోగ్రాములు కారణం లేకుండా మూసుకుపోవడం, గ్రాఫిక్స్ కార్డులో మెమరీ ఖాళీగా ఉన్నా సరిపోలేదని ఎర్రర్ రావడం, జిప్ ఫైళ్లు విప్పేటప్పుడు తప్పులు రావడం లాంటివి కనిపించాయి. 2024 ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబరులో 0ఎక్స్12బి అనే మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) సవరణలను ఇంటెల్ విడుదల చేసింది. అవి బయోస్ అప్‌డేట్ ద్వారానే పూర్తిగా వస్తాయి. అరుగుదల రాకుండా ఆపుతాయే గాని, వచ్చినదాన్ని బాగుచేయవు. కాబట్టి మీ మదర్‌బోర్డు కంపెనీ సైట్‌లో ఉన్న తాజా బయోస్ వేయించండి, బయోస్‌లో ‘ఇంటెల్ డిఫాల్ట్ సెట్టింగ్స్’ ఎంచుకోండి. స్కోరు కోసం కొన్ని షాపుల్లో పవర్ లిమిట్లు తీసేస్తారు. దాంతో పెరిగే వేగం ఎడిటింగ్‌లో కంటికి ఆనదు, వేడి మాత్రం బాగా పెరుగుతుంది. ఈ ప్రాసెసర్లకు ఇంటెల్ వారంటీని రెండేళ్లు పొడిగించింది, అంటే బాక్స్‌తో కొన్నవాటికి అయిదేళ్లు. అందుకే ప్రాసెసర్ ఖాళీ డబ్బా, సీరియల్ నంబర్ ఉన్న బిల్లు షాపు నుంచి తప్పకుండా తెచ్చుకోండి. డబ్బా లేదంటే అది ట్రే ప్రాసెసర్ అయి ఉండొచ్చు, అప్పుడు వారంటీ అమ్మినవాళ్ల చేతిలోనే ఉంటుంది.

బయోస్ పని అయ్యాక ర్యామ్. చాలామంది వదిలేసే పరీక్ష ఇదే, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ ఇదే. ర్యామ్‌లో చిన్న లోపం ఉంటే సిస్టమ్ ఆగిపోవాలని లేదు. కార్డు నుంచి డిస్క్‌కి కాపీ అయ్యేటప్పుడు ఒక్క బిట్ తారుమారై, ఆల్బమ్ చేసే రోజున ఒక రా ఫైల్ సగం బూడిద రంగులో తెరుచుకుంటుంది. అప్పటికి కార్డు ఫార్మాట్ అయిపోయి ఉంటుంది. మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్‌లో వేసి, దాంతో బూట్ చేసి, ఎక్స్‌ఎంపీ ఆన్‌లోనే నాలుగు పాస్‌లు పూర్తయ్యేదాకా వదిలేయండి. 64 జీబీకి చాలా గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి. పొద్దున ఎర్రర్లు సున్నా ఉండాలి. ఒక్కటి వచ్చినా పాస్ కాదు. ఎర్రర్ వస్తే ఎక్స్‌ఎంపీ ఆఫ్ చేసి మళ్లీ నడపండి. అప్పుడు కూడా వస్తే ఒక్కో స్టిక్ విడిగా పెట్టి చూడండి, ఏది చెడ్డదో తెలిసిపోతుంది. ఎక్స్‌ఎంపీ ఆఫ్‌లో రాకపోతే ఆ స్పీడుని మీ బోర్డు, ప్రాసెసర్ కలిసి మోయలేకపోతున్నాయి. ఒక మెట్టు స్పీడు తగ్గించి వాడుకోవచ్చు. ఆ తేడా ప్రీమియర్‌లో మీకు తెలియను కూడా తెలియదు. కానీ డబ్బు కట్టింది పూర్తి స్పీడుకి కాబట్టి షాపులో అడిగే హక్కు మీకుంది.

వేడి పరీక్షకి, లోపలి వేడినీ పవర్‌నీ చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో 64ను సెన్సార్ల మోడ్‌లో తెరిచి పక్కన పెట్టుకోండి. సినీబెంచ్ 2024 డౌన్‌లోడ్ చేసుకుని అందులో పది నిమిషాల పరీక్షను వెంటవెంటనే మూడుసార్లు నడపండి. (ఇందులో స్కోరు రెండు వేల దరిదాపు వస్తుంది. ఆర్23 స్కోరుతో పోల్చి కంగారు పడకండి, రెండిటి లెక్క వేరు.) మూడో స్కోరు మొదటిదానికన్నా మూడు, నాలుగు శాతం తగ్గితే ఫర్వాలేదు. పది శాతం పడిపోతే కూలింగ్ చాలడం లేదు. మీ ప్రాసెసర్ 100 డిగ్రీల దగ్గర తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో ‘థర్మల్ థ్రాట్లింగ్’ అనే వరుస ‘యెస్’ అయిందా, ప్యాకేజ్ పవర్ (ప్రాసెసర్ లాగే కరెంటు) మొదట్లో 253 వాట్ల దగ్గర ఉండి తర్వాత ఎంతకి దిగింది, అన్నవి రాసుకోండి. అదే కిటికీలో కిందెక్కడో డబ్ల్యూహెచ్‌ఈఏ, అంటే హార్డ్‌వేర్ ఎర్రర్ల సంఖ్య ఉంటుంది. అది ఎప్పుడూ సున్నాలోనే ఉండాలి.

ఈ పరీక్షని రాత్రి చల్లగా ఉన్నప్పుడు చేస్తే సగం నిజమే తెలుస్తుంది. గది వేడి పది డిగ్రీలు పెరిగితే లోపలి వేడి కూడా ఇంచుమించు అంతే పెరుగుతుంది. ఇప్పుడు 85 చూపించేది రోహిణి కార్తెలో, ఏసీ లేని గదిలో 95 దాటుతుంది. కాబట్టి మధ్యాహ్నం, మీరు రోజూ కూర్చునే గదిలో, టేబుల్ కింద ఎక్కడ పెట్టి వాడతారో అక్కడే పెట్టి నడపండి. మొదటి నిమిషంలోనే 100 తాకితే అది గది వేడి కాదు. కూలర్ అడుగున ఉండే ప్లాస్టిక్ పొర తీయకుండా బిగించారేమో, పేస్టు సరిగా పడలేదేమో, లిక్విడ్ కూలర్ అయితే పంపు తిరగడం లేదేమో చూడాలి. ప్లాస్టిక్ పొర సంగతి వింతగా అనిపించవచ్చు గాని, సీజన్ ముందు హడావిడిగా బిగించిన సిస్టమ్‌లలో నేను చూశాను.

ప్రాసెసర్‌కి పూర్తి భారం పెట్టే ప్రైమ్95 స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీ, గ్రాఫిక్స్ కార్డుకి పెట్టే ఫర్‌మార్క్ రెండూ కలిపి రాత్రంతా నడపమని కొందరు చెబుతారు. నేను చెప్పను. ఎడిటింగ్‌లో ఎప్పుడూ రాని భారం అది. గ్రాఫిక్స్ కార్డుకి ఓసీసీటీ సాఫ్ట్‌వేర్‌లోని వీర్యామ్ (కార్డు సొంత మెమరీ) పరీక్ష ఒకసారి నడిపి ఎర్రర్లు లేవని చూస్తే చాలు. ఆ తర్వాత అసలు పనితోనే పరీక్షించాలి.

అసలు పని అంటే ఏ ఫుటేజ్ పెట్టాలి? మీ దగ్గర ఉన్నవాటిలో కష్టమైనది. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం మీరు ఎప్పుడైనా తీసి ఉంటే దానికి మించింది లేదు. చదురుగుడి నుంచి కోట దాకా కదిలే జనసముద్రం, కెమెరా చేతిలో ఊగుతుంటుంది, సాయంత్రమయ్యేకొద్దీ వెలుతురు తగ్గి నాయిస్ పెరుగుతుంది. లేదంటే రాత్రి ముహూర్తం పెళ్లి, సీరియల్ లైట్లు మెరుస్తూ, పొగ మెషిన్ పెట్టిన స్టేజ్. ఇరవై నిమిషాల టైమ్‌లైన్, మూడు కెమెరాల మల్టీక్యామ్, కలర్, అక్కడక్కడ వార్ప్ స్టెబిలైజర్, రెండు మూడు క్లిప్పులకి నాయిస్ రిడక్షన్. ఇదే మీ పరీక్షాపత్రం. దీన్ని దాచుకోండి, రేపు బయోస్ మార్చినా డ్రైవర్ మార్చినా మళ్లీ దీనితోనే కొలవాలి.

ఇక్కడ సోనీ ఏ7 ఫోర్ వాడేవాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సిన విషయం ఒకటి ఉంది. కెమెరాలో 10 బిట్ 4:2:2 (రంగుల వివరం ఎక్కువగా ఉంచే సెట్టింగ్) పెట్టి తీస్తే, ఆ ఫైలు ఏ ఫార్మాట్‌లో ఉందన్నదాన్ని బట్టి ప్లేబ్యాక్ పూర్తిగా మారిపోతుంది. ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్ అంటే హెచ్.265. అందులోని 4:2:2ని విప్పే (డీకోడ్ చేసే) శక్తి మీ 4070కి లేదు. ఎన్విడియాలో ఆ సదుపాయం ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే వచ్చింది. కానీ మీ ప్రాసెసర్‌లో ఉన్న యూహెచ్‌డీ 770 గ్రాఫిక్స్ విప్పగలదు, ఆ విప్పే సదుపాయం పేరే క్విక్ సింక్. అందుకే ఎడిటింగ్‌కి కేఎఫ్ మోడల్ కాకుండా కే మోడల్ తీసుకోమంటాను, ఎఫ్ ఉన్న వాటిలో ఈ గ్రాఫిక్స్ ఉండదు. మీరు కే తీసుకున్నారు, మంచి పని. ఇక ఎక్స్‌ఏవీసీ ఎస్ అంటే హెచ్.264. అందులోని 10 బిట్ 4:2:2ని మీ ప్రాసెసర్‌లోని క్విక్ సింక్ గాని, 4070 గాని విప్పలేవు. మొత్తం భారం ప్రాసెసర్ కోర్ల మీదే పడుతుంది. మూడు కెమెరాలు ఒకేసారి నడిస్తే తడబడుతుంది. అది సిస్టమ్ లోపం కాదు, షాపు మీద గొడవకి వెళ్లకండి. ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం చేసుకునే తేలిక కాపీలు) చేసుకోవాలి, లేదా కెమెరాలో ఫార్మాట్ మార్చుకోవాలి. డ్రోన్ ఫుటేజ్ మామూలుగా 4:2:0లో (రంగుల వివరం తక్కువ) ఉంటుంది కాబట్టి దానితో ఈ ఇబ్బంది ఉండదు.

ఇది సరిగా పనిచేస్తోందో లేదో చూడటం తేలిక. ప్రీమియర్ ప్రిఫరెన్సెస్‌లో మీడియా దగ్గర హార్డ్‌వేర్ డీకోడింగ్‌లో ఇంటెల్, ఎన్విడియా రెండూ టిక్ చేసి, ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్ క్లిప్ ఒకటి ప్లే చేయండి. టాస్క్ మేనేజర్‌లో ఇంటెల్ జీపీయూ దగ్గర ‘వీడియో డీకోడ్’ గ్రాఫ్ పైకి లేవాలి. ఆ ఇంటెల్ జీపీయూనే జాబితాలో కనబడకపోతే బయోస్‌లో లోపలి గ్రాఫిక్స్ ఆపేసి ఉంది, ఆన్ చేయండి. ఎడియస్ వాడేవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం, ఆ సాఫ్ట్‌వేర్ ఎన్నో ఏళ్లుగా క్విక్ సింక్ మీద ఆధారపడుతూ వచ్చింది.

ప్లేబ్యాక్ బాగుంటే అదే సీక్వెన్స్‌ని మీడియా ఎన్‌కోడర్ క్యూలో ఎనిమిదో పదో సార్లు వేసి రాత్రంతా ఎక్స్‌పోర్ట్ పెట్టండి. పొద్దున లాగ్‌లో ఒక్కొక్కటి ఎంతసేపు పట్టిందో చూడండి. మొదటిదానికీ చివరిదానికీ పెద్ద తేడా ఉండకూడదు. తర్వాత ఓపిక చేసుకుని రెండు మూడు ఫైళ్లు పూర్తిగా చూడండి. ఎక్కడైనా ఆకుపచ్చ మెరుపు, నల్ల ఫ్రేము, గళ్లుగళ్లుగా చెదిరిన బొమ్మ కనబడిందా? ఒకే చోట అన్ని ఫైళ్లలోనూ ఉంటే అది క్లిప్ సమస్య. ఒక్కో ఫైల్లో ఒక్కో చోట ఉంటే అది ర్యామ్, వీర్యామ్ లేదా ప్రాసెసర్.

ఫోటోల వైపు రెండు పరీక్షలు చాలు. లైట్‌రూమ్‌లో అయిదు వందల రా ఫైళ్లు ఎక్స్‌పోర్ట్ చేయండి, ఏ7 ఫోర్‌వి 33 మెగాపిక్సెళ్లు కాబట్టి ప్రాసెసర్‌కి మంచి పనే. ఇంకో యాభై ఫోటోలకి ఏఐ డినాయిజ్ పెట్టండి. అది పూర్తిగా గ్రాఫిక్స్ కార్డు పని, ఆ సేపంతా కార్డుని వేడెక్కిస్తుంది. ఇక ఫోటోషాప్‌లో మీరు చేసే కరిజ్మా (పెళ్లి ఆల్బమ్) షీటే తెరవండి. 12 బై 36 అంగుళాలు, 300 డీపీఐ అంటే 3600 బై 10800 పిక్సెళ్లు. 8 బిట్‌లో ఒక్క పూర్తి లేయరే దాదాపు 117 ఎంబీ. ఇరవై ముప్పై లేయర్లు, హిస్టరీ కలిస్తే ఎంత అవుతుందో ఊహించుకోండి. కింద స్టేటస్ బార్‌లో ‘ఎఫిషియెన్సీ’ పెట్టుకుని చూడండి. 100 శాతం ఉన్నంతసేపు పని ర్యామ్‌లోనే జరుగుతోంది. తగ్గితే స్క్రాచ్ డిస్క్‌కి (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్ చోటు) వెళ్తోంది. స్క్రాచ్ హార్డ్‌డిస్క్ మీద పెట్టి ఉంటే వెంటనే ఎన్‌వీఎంఈకి మార్చండి.

ఎన్‌వీఎంఈ పరీక్ష క్రిస్టల్ డిస్క్ మార్క్‌తో ఆపేయకండి. అది రాసేది ఒక జీబీ, ఆ కాస్త ఏ డిస్కయినా వేగంగా రాస్తుంది. చవక ఎస్‌ఎస్‌డీలలో మొదటి కొన్ని పదుల జీబీలు వేగంగా రాసి, క్యాష్ నిండాక హార్డ్‌డిస్క్ వేగానికి దిగిపోయేవి ఉన్నాయి. మీ పని లెక్క చూడండి. సెకనుకి 140 మెగాబిట్ల 4కె అంటే 17.5 ఎంబీ, గంటకి 63 జీబీ. రెండు కెమెరాల పెళ్లి ఒక పూటకే మూడు, నాలుగు వందల జీబీలు. కాబట్టి రెండు వందల జీబీలకి తగ్గకుండా నిజమైన ఫుటేజ్‌ని వేరే వేగమైన ఎస్‌ఎస్‌డీ నుంచి కాపీ చేసి, వేగం ఎక్కడ పడిపోతోందో చూడండి. కాపీకి టెరాకాపీ వాడి ‘వెరిఫై’ ఆన్ చేయండి. పరీక్షకే కాదు, సీజన్‌లో కార్డులు దించే ప్రతిసారీ అలాగే చేయండి. ఇంకో మాట, మీకు 1 టీబీ చాలదు. ఇప్పుడు కాకపోయినా ఇంకో 2 టీబీ ఎన్‌వీఎంఈ త్వరలో వేసుకోండి. నాలుగు కోణాల మల్టీక్యామ్‌ని హార్డ్‌డిస్క్ మీద నడిపితే ఇంత ఖరీదైన సిస్టమ్ కూడా ఆగి ఆగి నడుస్తుంది.

మిగిలింది కరెంటు. మన జిల్లాల్లో దీన్ని వదిలేసి చేసిన పరీక్ష పరీక్షే కాదు. ప్రాసెసర్ 253, కార్డు 200, మిగతావి 70 అనుకుంటే 520 వాట్లు దాటుతుంది. ఎస్‌ఎంపీఎస్‌లో పోయేది కలిపితే గోడ నుంచి 580 దాకా లాగుతుంది. అన్నీ ఒకేసారి పూర్తిగా నడవడం అరుదే, కానీ నాయిస్ రిడక్షన్‌తో ఎక్స్‌పోర్ట్‌లో దగ్గరికి వెళ్తుంది. షాపుల్లో సాధారణంగా అంటగట్టే 600 వీఏ యూపీఎస్ 360 వాట్లే ఇస్తుంది, కరెంటు పోయిన క్షణంలో సిస్టమ్‌తో పాటు అదీ పోతుంది. 1100 వీఏది 660 వాట్లు, అంచు మీద ఉంటుంది. 1500 వీఏ లేదా అంతకంటే పైది తీసుకోండి. వీలైతే ప్యూర్ సైన్ వేవ్ చూడండి. పరీక్ష ఏమిటంటే, పరీక్షాపత్రం సీక్వెన్స్ ఎక్స్‌పోర్ట్ అవుతుండగా యూపీఎస్ ప్లగ్గుని గోడ నుంచి తీయండి. ఎక్స్‌పోర్ట్ ఆగకుండా అయిదు నిమిషాలు నడవాలి. ఇది చేసే ముందు ఒరిజినల్ ఫుటేజ్ వేరే డిస్క్‌లో ఉందని చూసుకోండి.

ఎలక్ట్రీషియన్‌ని పిలిచి న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజ్ కొలిపించండి. రెండు మూడు వోల్టులు దాటితే ఎర్తింగ్ బాగుచేయించండి. క్యాబినెట్ ముట్టుకుంటే చురుక్కుమంటోంది అంటే అసలు ఎర్త్ లేనట్టే. ఏ పరీక్షలోనూ కారణం దొరక్కుండా రీస్టార్ట్ అయ్యే సిస్టమ్‌లను ప్లగ్ పాయింట్ మార్చి చూస్తే బాగుపడిన సందర్భాలు నాకు తెలుసు. కళింగపట్నం, బారువ లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలోనైతే ఉప్పుగాలికి కాంటాక్టులు తుప్పుపడతాయి, వాళ్లు ఎర్త్ జాయింట్‌లు ఏటా చూపించుకోవాలి.

ఇన్ని పరీక్షల్లో ఏదైనా ఫెయిల్ అయితే షాపుకి ఫోన్ చేసి ‘హ్యాంగ్ అవుతోంది’ అనకండి. ఆ మాటకి విండోస్ మళ్లీ వేసి పంపేస్తారు. మెమ్‌టెస్ట్ ఎర్రర్ స్క్రీన్ ఫోటో, హెచ్‌డబ్ల్యూఇన్ఫో స్క్రీన్‌షాట్, ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 గాని డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్ గాని కనిపిస్తే తేదీ, సమయంతో సహా వాట్సాప్‌లో పంపండి. రాతపూర్వకంగా ఉంటే వాళ్లూ భాగం మార్చడానికి తమ డిస్ట్రిబ్యూటర్‌ని అడగగలరు. అప్పటికీ పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, బిల్లు ఉంటే చాలు.

ఇంకొకటి, క్రాక్ సాఫ్ట్‌వేర్ వేసి ఇచ్చి ఉంటే పరీక్షలకు ముందే విండోస్ శుభ్రంగా వేసుకోండి. వాటితో పాటు వచ్చే క్రిప్టో మైనింగ్ ప్రోగ్రాములు వెనక గ్రాఫిక్స్ కార్డుని నడుపుతుంటే మీరు కొలిచే అంకె ఏదీ నిజం కాదు. ఎన్విడియా డ్రైవర్ గేమ్ రెడీ కాకుండా స్టూడియోది వేయండి.

మీ బోర్డు మోడల్, కూలర్ ఏది, కెమెరాలో ఎక్స్‌ఏవీసీ ఎస్ పెడుతున్నారా, హెచ్‌ఎస్ పెడుతున్నారా రాయండి. ప్రాక్సీలకి ఏ సైజు, ఏ కోడెక్ పెట్టుకోవాలో దాన్ని బట్టి చెబుతాను.